ఘానా స్వాతంత్ర్యము: అటుపిమ్మటి కథ

1950వ సంవత్సరమునాటికి ఆఫ్రికా ఖండమున స్వతంత్రరాజ్యములని చెప్పదగినవి నాలుగు మాత్రమే యుండెను. అవి ఇథియోపియా, లైబీరియా, ఈజిప్టు, దక్షిణాఫ్రికా. ఈ నాలుగింటిలోనైనను దక్షిణాఫ్రికాయందు అధికారమంతయు అల్పసంఖ్యాకులగు తెల్లవారి చేతిలోనే యుండెను. ఈజిప్టున సూయెజ్ కాలువ పొడుగునను బ్రిటిషు సేనలు విడిసియుండెను. తక్కిన ఖండము దాదాపుగా అంతయు బ్రిటన్, ఫ్రాన్సు, బెల్జియము, పోర్చుగల్, స్పెయిన్ మొదలగు యూరపు దేశముల యేలుబడిలో నుండెను. నేడు ఐక్యరాజ్యసమితిలో సభ్యత్వము కలిగిన ఆఫ్రికా దేశములు 54. ఒక్క 1960వ సంవత్సరముననే 17 దేశములు స్వాతంత్ర్యమును పొందినవి. ఇంత విశాలమైన భూభాగము ఇంత తక్కువ కాలమున పరపాలననుండి విముక్తమైన సందర్భములు చరిత్రలో అరుదు.

అయితే లెక్క చెప్పినంతమాత్రమున కథ తెలియదు. స్వాతంత్ర్యదినమునాటి ఉత్సవములను గురించి మనము వినియున్నాము. ఆ మరునాటినుండి ఆ దేశములలో ఏమి జరిగినదో అంతగా వినలేదు. పరపాలకులు వెడలిపోయినపుడు వారు నెలకొల్పిన వ్యాపారపద్ధతియు, వారు వేసిన పన్నుల పద్ధతియు వారితో కూడ వెడలిపోవునా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ఒక దేశమును తీసికొని పరిశీలించుట మేలు. పశ్చిమాఫ్రికాలోని వలసదేశములలో మొట్టమొదట స్వతంత్రమైన ఘానాను ఇందుకై గ్రహింతము. ఆ దేశపు ఆధునిక చరిత్ర చాలవరకు ఒక పంట వెంట నడచినది. ఆ పంట కోకో. మన ఇండ్లలో పిల్లలు మక్కువతో తిను చాక్‌లెట్టునకు మూలము ఆ గింజయే.

ఘానాకు పూర్వనామము గోల్డ్ కోస్టు, అనగా బంగారు తీరము. బంగారమునకై వచ్చిన పోర్చుగీసువారు 1482లో ఎల్మీనా అనుచోట కోట కట్టిరి. వారి వెనుక డచ్చివారు, డేనులు, ఆంగ్లేయులు వచ్చి తీరము పొడుగునను కోటలు నిర్మించిరి. బంగారముతో మొదలైన ఆ వ్యాపారము క్రమముగా మనుష్యుల వ్యాపారముగా మారెను. ఆ కోటల నేలమాళిగలలో బంధింపబడిన ఆఫ్రికావాసులను బానిసలుగా నోడలకెక్కించి అమెరికా ఖండములకు తరలించిరి. 1874లో బ్రిటన్ తీరప్రాంతమును తన వలసరాజ్యముగా ప్రకటించినది. లోనాటి అడవులలో బలవంతమైన అసాంటే రాజ్యము మాత్రము సులభముగా లొంగలేదు. 1900వ సంవత్సరమున యా అసాంటేవా అను రాజమాత నాయకత్వమున అసాంటేలు చివరిసారిగా ఆయుధము పట్టిరి. ఆమెను పట్టుకొని సీషెల్సు దీవులకు పంపిరి; అక్కడనే ఆమె కన్ను మూసినది.

ఇక కోకో సంగతి. ఈ చెట్టు ఆఫ్రికాకు చెందినది కాదు, అమెరికా ఖండమునకు చెందినది. పని నిమిత్తమై ఫెర్నాండోపో దీవికి వెళ్లిన టెట్టే క్వాషీ అను కమ్మరి 1879లో తిరిగివచ్చునపుడు కొన్ని కోకో గింజలను వెంట తెచ్చి తన తోటలో నాటెనని ప్రసిద్ధి. పెద్దచెట్ల నీడ, తడి, వెచ్చదనము ఈ చెట్టునకు కావలెను. పనసచెట్టునకువలె కాయలు మ్రానుకే కాయును. పండిన కాయను కోసి పగులగొట్టి, గుజ్జుతో కూడిన గింజలను అరటి ఆకులతో కప్పి ఆరేడు దినములు పులియబెట్టుదురు. పిమ్మట ఎండలో చాపలపై ఆరబోయుదురు. ఆ పులియబెట్టుటలోనే చాక్‌లెట్టు రుచికి బీజమున్నది.

ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. మన అస్సాములో తేయాకుతోటలవలె ఇక్కడి కోకోతోటలు తెల్లదొరల సొత్తు కాదు. ఆఫ్రికా రైతులే కూడబలుకుకొని అడవిభూములు కొని, తరలివెళ్లి, తమ కష్టముతో తోటలు వేసిరి. 1911నాటికే గోల్డ్ కోస్టు కోకో ఉత్పత్తిలో ప్రపంచమున ప్రథమస్థానమును పొందినది. ఒక ప్రభుత్వ పథకము లేకుండ చిన్నరైతులు సాధించిన విజయమిది.

కాని తోట రైతుదైనను ధర రైతుది కాదు. గింజను కొను కంపెనీలు యూరపువి. ధర నిర్ణయమగునది లండనులోను, న్యూయార్కులోను. 1937లో కొనుగోలు కంపెనీలు తమలో తాము ఒప్పందము చేసికొని ధరను అణచివేయ యత్నింపగా రైతులు సరుకు అమ్ముట మానివేసిరి. మాసములతరబడి గింజలు గాదెలలో నిలిచిపోయెను. చివరకు బ్రిటిషు ప్రభుత్వము విచారణసంఘమును పంపవలసివచ్చెను. దేశస్వాతంత్ర్యోద్యమము ఒక రూపము దాల్చుటకు పది సంవత్సరములకు పూర్వమే రైతులు ఒక్కమాటపై నిలిచి చూపిన ధైర్యమిది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున కోకోనంతటిని ప్రభుత్వమే కొనుట ఆరంభించెను. 1947లో ఇందుకై ఒక విక్రయమండలి స్థిరముగా నేర్పడినది. ఈ మండలి పనిచేయు తీరు తెలిసికొనిన తరువాతి కథ అంతయు బోధపడును. ప్రపంచవిపణిలో నూరు రూపాయలు పలుకు సరుకున్నదని అనుకొందము. మండలి రైతుకు అరువది యిచ్చి తక్కిన నలుబదిని నిధిగా నుంచును. ధర పడిపోయిన యేడు ఆ నిధినుండి తీసి రైతుకు నష్టము రాకుండ చూడవలెనని ఉద్దేశము. ఉద్దేశము మంచిదే. కాని యుద్ధానంతరము ధరలు పెరుగుచునే యుండుటచే నిధి కుప్పలుగా పేరుకొనెను. ఆ ధనము లండనులో బ్రిటిషు ప్రభుత్వ ఋణపత్రములలో మదుపు చేయబడి యుండెను. పేదదేశపు రైతు ధనము ధనికదేశమునకు అప్పుగా పోవుచుండెనన్నమాట.

1948లో ఈ అసంతృప్తులన్నియు ఒక్కచోట కూడినవి. కోకోచెట్లకు కొమ్మలు ఉబ్బు తెగులు పట్టగా ప్రభుత్వము బలవంతముగా చెట్లను నరికించుచుండెను. దిగుమతి వస్తువుల ధరలు పెరిగి ప్రజలు బహిష్కారమునకు పూనుకొనిరి. వీరికి తోడు యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులుండిరి. ఈ సైనికులలో పెక్కురు భారతదేశము మీదుగా బర్మాకు వెళ్లి అరకాను అడవులలో జపానువారితో పోరాడినవారు. ఇతరుల స్వేచ్ఛకొరకు పోరాడినవారికి తమ దేశమున స్వేచ్ఛ లేకపోవుట, వాగ్దానము చేసిన భృతి చేతికి రాకపోవుట వారిని బాధించెను. ఫిబ్రవరి 28వ తేదీన వారు నిరాయుధులై గవర్నరుకు విజ్ఞాపనపత్ర మిచ్చుటకై అక్రా నగరవీథులలో నడచిరి. దారిలో ఒక పోలీసు అధికారి తుపాకి పేల్చగా ముగ్గురు మాజీసైనికులు మరణించిరి. నగరము భగ్గుమన్నది.

ఆ ఉద్యమమునకు నాయకుడుగా అవతరించినవాడు క్వామే ఎన్‌క్రూమా. 1909లో ఎన్‌క్రోఫుల్ అను చిన్నగ్రామమున జన్మించి, అమెరికాలో పది సంవత్సరములు చదివి, 1947 చివర స్వదేశమునకు వచ్చెను. తొలుత అతడు పనిచేసిన సంస్థలో న్యాయవాదులు, వర్తకులు, విద్యాధికులు నాయకులు; వారు వీలైనంత త్వరలో స్వపరిపాలన కావలెననిరి. ఎన్‌క్రూమా ఇప్పుడే కావలెననెను. 1949లో వేరుగా పార్టీ స్థాపించెను. బడి చదువు సగములో మానిన యువకులు, అంగడి నడుపు స్త్రీలు, కార్మికులు ఆ పార్టీకి బలము. గాంధీజీ మార్గమునుండి ప్రేరణపొంది 1950 జనవరిలో సమ్మెలు, సహాయనిరాకరణ సాగించగా ప్రభుత్వము అతనిని చెరసాలలో నుంచెను. 1951 ఫిబ్రవరి ఎన్నికలలో చెరసాలనుండియే పోటీచేసి అక్రాలో పోలైన 23,122 ఓట్లలో 22,780 ఓట్లు పొందెను. గవర్నరు విజ్ఞతతో అతనిని విడిపించి ప్రభుత్వమును నడుపుటకు ఆహ్వానించెను. ఖైదీ మరునాడే పాలకుడైన దృశ్యము మన దేశమునకు కొత్తది కాదు, ఆఫ్రికాకు కొత్తది.

ఇంతలో ఒక వింత జరిగెను. 1954లో ప్రపంచవిపణిలో కోకో ధర టన్నుకు 400 పౌన్లను దాటినది. అదే సంవత్సరము ఎన్‌క్రూమా ప్రభుత్వము రైతుకిచ్చు ధరను అరువది పౌనుల మూటకు 72 షిల్లింగులుగా కొన్ని సంవత్సరములకు స్థిరపరచెను. మిగులు ధనముతో బడులు, రోడ్లు, ఆస్పత్రులు నిర్మింపవలెనని అతని సంకల్పము. కాని కోకో అధికముగా పండు అసాంటే ప్రాంతపు రైతులు తిరుగబడిరి. కుమాసి నగరమున కొత్తపక్షము లేచెను. కంపెనీలతో 1937లో రైతు ఆడిన తగవే ఇప్పుడు తన సొంత నాయకులతో ఆడవలసివచ్చెను. వాదమున ఇరువైపులను న్యాయముండెను. దేశము బాగుపడవలెనన్న ధనము కావలెను. ధనము పుట్టు చోటు కోకోతోట ఒక్కటే. కాని ఆ భారమంతయు ఒక్క రైతుపైననే పడుట న్యాయమా? ఈ ప్రశ్న 1956 ఎన్నికలలో తీరలేదు. 104 స్థానములలో 71 స్థానములు ఎన్‌క్రూమా పక్షమునకు వచ్చినవి. ప్రశ్న మాత్రము అటులనే నిలిచినది.

1957 మార్చి 6వ తేదీ. అర్ధరాత్రి దాటగానే అక్రాలోని పాత పోలో మైదానమున బ్రిటిషు పతాకము దిగి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చారలపై నల్లని నక్షత్రముగల కొత్త పతాకము లేచెను. దానిని రూపొందించినది థియొడోసియా ఒకో అను కళాకారిణి. సహారా అంచున పూర్వకాలమున వెలసిన ఒక మహారాజ్యపు పేరును స్మరించి దేశమునకు ఘానాయని పేరు పెట్టిరి. అమెరికానుండి మార్టిన్ లూథర్ కింగ్ ఆ ఉత్సవమును కన్నులార చూచుటకు వచ్చియుండెను. ఆఫ్రికా అంతయు విముక్తి పొందనిదే ఘానా స్వాతంత్ర్యమునకు అర్థము లేదని ఎన్‌క్రూమా ఆనాడే ప్రకటించెను. అది మాటగా మిగులలేదు. 1958 డిసెంబరులో ఖండము నలుమూలలనుండి ఉద్యమనాయకులు అక్రాకు వచ్చి సమావేశమైరి. కాంగో నాయకుడు పాట్రిస్ లుముంబా వారిలో నొకడు. ఫ్రాన్సుతో తెగతెంపులు చేసికొని ఒంటరియైన గినీకి ఘానా కోటి పౌన్ల ఋణమును ప్రకటించినది. నెహ్రూ, టిటో, నాసరు, సుకర్ణోలతో పాటు అలీనోద్యమమునకు ఆద్యులలో ఎన్‌క్రూమా ఒకడు.

స్వదేశమున జరిగిన నిర్మాణమును తక్కువగా నెంచరాదు. ప్రాథమికవిద్య ఉచితమైనది. బడుల సంఖ్య పలురెట్లు పెరిగెను. టేమా అనుచోట కొత్త ఓడరేవు వెలసినది. వోల్టా నదికి అకోసొంబోవద్ద కట్టిన ఆనకట్ట 1966 జనవరిలో ప్రారంభమైనది. దాని వెనుక ఏర్పడిన జలాశయ విస్తీర్ణము సుమారు 8,500 చదరపు కిలోమీటర్లు. ఇందుకై సుమారు 80,000 మంది తమ ఊళ్లను విడిచి, 52 కొత్త ఊళ్లలో కాపురము పెట్టవలసివచ్చెను. విద్యుత్తు దేశమునకు వెలుగు నిచ్చినమాట నిజమే. కాని అందు అధికభాగము అమెరికా కంపెనీలు నెలకొల్పిన అల్యూమినియము కర్మాగారమునకు చౌకధరకు పోయెను. ఘానా గనులలో బాక్సైటు ఖనిజమున్నను ఆ కర్మాగారము ముడిసరుకును విదేశములనుండి తెప్పించుకొనెను. జెండా మారినను బేరము మారుట ఎంత కష్టమో తెలుపుట కీ యొక్క ఉదాహరణము చాలును.

మరియొకవైపు పాలనము కఠినమయ్యెను. 1958లో విచారణ లేకుండ నిర్బంధించు శాసనము వచ్చెను. స్వాతంత్ర్యోద్యమమున పెద్దలలో నొకడును, ఘానా అను పేరును ప్రచారమునకు తెచ్చినవాడును అగు జె. బి. డాన్‌క్వా 1965లో చెరసాలలోనే మరణించెను. పరపాలకుల చెరసాలనుండి వచ్చిన నాయకుడు తన సహచరుని చెరసాలకు పంపుట ఆ చరిత్రలో చెరగని మచ్చ. 1964లో దేశము ఏకపక్షరాజ్యమైనది. ధరలపై, పనులపై తప్పొప్పులను చెప్పు నోళ్లు మూతబడినవి.

సరిగా ఆ సమయముననే కోకో ధర కూలిపోయెను. 1964-65లో ఘానా అయిదు లక్షల టన్నులకు మించి కోకో పండించి తన పూర్వపు రికార్డులను దాటినది. కాని పంట పెరిగిన కొలది ధర తరిగి, 1965లో టన్ను నూరు పౌన్లకు లోపునకు దిగెను. పండించిన కొలది పేదయగుట ఒక్కపంటపై ఆధారపడిన దేశములకు శాపము. స్వాతంత్ర్యకాలమున సుమారు ఇరువది కోట్ల పౌన్లుగా నున్న విదేశీనిధి కరగిపోయెను. అంగళ్లలో సరుకు లేదు; పాలు, చక్కెరకు వరుసలు. 1966 ఫిబ్రవరి 24వ తేదీన, వియత్నాము సంధిప్రయత్నమునకై బయలుదేరిన ఎన్‌క్రూమా పెకింగు చేరియుండగా, సైన్యము అధికారమును కైవసము చేసికొనెను. ఆ వార్తను ప్రజలు తెల్లవారుజామున రేడియోలో వినిరి. 1935లో అక్రా నగరమున కొన్ని వందల ఇండ్లకు తీగలద్వారా మొదలైన ఆ ప్రసారము అటుపిమ్మట 1972లోను, 1979లోను, 1981లోను మరల సైనికుల గొంతును వినిపించెను. ఎన్‌క్రూమా 1972లో పరదేశమున మరణించెను.

ఎవరు ప్రభుత్వమునకు వచ్చినను రైతు ధరనుండి ధనము తీయు పద్ధతి మాత్రము మారలేదు. డబ్బు విలువ పడిపోవుచుండగా రైతుచేతికి వచ్చునది నామమాత్రమయ్యెను. అతడు చేయగలిగినదే చేసెను. సరిహద్దు దాటించి ఐవరీ కోస్టునను, టోగోనను అమ్ముకొనెను. ముసలిచెట్లను తీసి కొత్తవి నాటుట మానెను. 1970 దశాబ్దము ముగియకమునుపే ప్రథమస్థానము ఐవరీ కోస్టునకు పోయినది. 1983లో అనావృష్టి, అడవుల కార్చిచ్చు ఒక్కసారి వచ్చినవి. అదే సంవత్సరము నైజీరియా తన దేశమునుండి సుమారు పదిలక్షలమంది ఘానావాసులను వెడలగొట్టగా వారు సంచులు నెత్తినపెట్టుకొని తిరిగివచ్చిరి. 1983-84లో కోకో పంట సుమారు 1,60,000 టన్నులు మాత్రమే.

అక్కడనుండి దేశము మెల్లగా లేచినది. 1983లో ఆరంభమైన సంస్కరణలలో రైతుధరను పెంచుట ముఖ్యమైనది. సంస్కరణలకై అప్పిచ్చిన సంస్థల షరతులవలన ఉద్యోగములు పోయినవారును, ఆస్పత్రి రుసుములు భరింపలేనివారును కష్టపడిన మాట కూడ చెప్పవలెను. 1992లో కొత్త రాజ్యాంగము వచ్చెను. సైనికవిప్లవముతో అధికారమునకు వచ్చిన జెర్రీ రాలింగ్సు రెండుమార్లు ఎన్నికైన పిమ్మట రాజ్యాంగము ప్రకారము తప్పుకొనెను. 2001 జనవరిలో ప్రతిపక్షమునకు శాంతియుతముగా అధికారము దక్కెను. తరువాత 2009, 2017, 2025 సంవత్సరములలో అటులనే ప్రభుత్వములు మారినవి. రేడియోలో సైనికుల ప్రకటనకు బదులు ఓట్ల లెక్కను వినుట ప్రజలకు అలవాటైనది. ఘానా సాధించిన వానిలో ఇది ఆనకట్టకంటె గొప్పది.

కాని కోకో ప్రశ్న నేటికిని సజీవముగనే యున్నది. 2010-11లో పంట పదిలక్షల టన్నులు దాటినను, పిమ్మట తెగుళ్లవలనను, వానల తీరు మారుటవలనను, తోటలను త్రవ్వివేయు అక్రమ బంగారు గనులవలనను తగ్గిపోయెను. 2022 చివర దేశము విదేశీఋణములు తీర్చలేక చెల్లింపులు నిలిపివేసినది. 2024లో ప్రపంచధర టన్నుకు పదివేల డాలర్లను దాటినపుడు కూడ రైతుకు పూర్తిలాభము దక్కలేదు. ఏలయనగా మండలి పంటలో చాల భాగమును ముందుగనే తక్కువ ధరకు అమ్మివేసియుండెను. 2025లో ధర మరల దిగినది. గింజను చాక్‌లెట్టుగా మార్చి అమ్మినపుడు వచ్చు విలువలో అధికభాగము నేటికిని పరదేశములలోనే మిగులుచున్నది.

ఈ కథ మనకు దూరపుది కాదు. ఏలూరు, గోదావరి ప్రాంతములలో కొబ్బరితోటల నీడను కోకో చెట్లు పెరుగుచున్నవి; భారతదేశమున కోకో పండించు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశము ముందున్నది. ఆ కాయకు వచ్చు ధర కూడ అవే ప్రపంచవిపణులలోని ఎగుడుదిగుడులను అనుసరించును. అక్రాకు దూరమునుండు కుమాసి రైతు సాయంకాలము రేడియోలో ఏ ధరకొరకు చెవియొగ్గునో ఇచ్చటి రైతును ఆ ధర తాకుచున్నది.

ఇంతకు మనము మొదట వేసికొన్న ప్రశ్నకు సమాధానమేమి? పరపాలకులు వెడలిపోయిననాడు పతాకము, పాలనము, రాజ్యాంగము చేతికి వచ్చును. వ్యాపారపద్ధతి మాత్రము పిలువకనే నిలిచియుండును. దానిని మార్చుటకు తరములు పట్టును. ఆ మార్చుటలో కొత్తపాలకులు పాతవారి ఉపాయములనే చేపట్టిరేని భారము మరల పూర్వమువలె పొలములో పనిచేయువానిపైననే పడును. అట్లని స్వాతంత్ర్యము వ్యర్థమనుట పొరపాటు. 1937లో ఘానా రైతునకు అన్యాయము జరిగినపుడు అతనికి సరుకు ఆపుకొనుట తప్ప వేరు దారి లేదు. నేడు అతనికి ఓటున్నది, పత్రికయున్నది, తన ధరను నిర్ణయించువారిని నిలదీయు హక్కున్నది. ఆ హక్కును నిలుపుకొనుటకు అతడు పడిన పాట్లు 1957 నాటి అర్ధరాత్రి ఉత్సవముకంటె దీర్ఘమైనవి, అంతకంటె విలువైనవి.